ఉత్తరానికి పారే నది

ఫిబ్రవరి 9

నది కాపలా పని ఇవాళ్టి నుంచి నాది. పాత కాపలాదారు మోకాళ్ల నొప్పులని మానుకున్నాడు. మా ఊరి పెద్ద పల్లాలమ్మ గారు కబురు పెట్టి, "ప్రకాశంబాబూ, నీకు కొలతలొచ్చు. ఊరికే గోడలు చూత్తా కూకోకు" అన్నారు. రోజూ రాయాల్సింది ఇది: మంచు మందం, మంచు కింద నీటి ఎత్తు, గాలి. తోచినవి కూడా రాస్తాను. ఎవరూ వద్దనలేదు.

మంచు నా ఛాతీ ఎత్తు ఉంది. గాలి ఉత్తరం నుంచి.

ఇది మా రెండో చలికాలం. సముద్రంలో కలిసిపోయిన గోదావరి లంకల నుంచి ఇరవై ఏడు కుటుంబాలం దేశాలు దాటి ఈ మంచు మైదానానికి వచ్చాం. ఊరికి కొత్తలంక అని పేరు పెట్టుకున్నాం. ఊరు అనడం మర్యాద కోసం. దుక్కి యంత్రాలు మైలు పొడవు, మైలు వెడల్పు గళ్లలోనే తిరుగుతాయి. వాటికి కరెంటు పెట్టే స్తంభం గడి మధ్యలో ఉండాలి, స్తంభం పక్కన ఇల్లుండాలి. అందుకని ఇంటికీ ఇంటికీ మధ్య మైలు దూరం. ఈ గళ్లు మేం గీసినవి కావు. ఎన్నడో ఎవరో గీసి వదిలేశారు. యంత్రాలు వచ్చాక అవి రాయి మీద గీతలయ్యాయి.

నా భార్య తాయారు జనవరిలో పోయింది. ఊపిరితిత్తులు. ఆ రెండు రోజులూ మంచు తుపాను. పక్కింటివాళ్లు బయల్దేరి గీత దాటలేక వెనక్కి వెళ్లారట.

ఇంటి వెనక మంచుదిమ్మలతో కట్టిన చల్లగదిలో ఉంది. విత్తనాల పెట్టెల పలకలతో పెట్టె చేశాను. మా వాళ్లలో పూడ్చడమే ఆనవాయితీ. నేల ఇప్పుడు ఇనుములా ఉంది, వసంతం దాకా గునపం దిగదు.

దిగినా మరో చిక్కుంది. పోయినేడు చచ్చిన దూడను పాతాం. ఈ బంకమట్టిలో నీరుంటుంది. అది గడ్డకట్టి ఉబ్బుతూ లోపలున్నదాన్ని పైకి నెడుతుంది. చలికాలం దాటేసరికి దూడ పైకొచ్చింది. కంచె గుంజలు కూడా లేచాయి.

తాయారును అలాంటి మట్టిలో పెట్టను. పైకి నెట్టని నేల కావాలి. మంచు కరిగేలోపు వెతకాలి.

ఫిబ్రవరి 13

మంచు మందంలో మార్పు లేదు.

నేల ఎత్తుపల్లాలు చూసే లెవెల్ యంత్రం బయటికి తీశాను. ఒక గడి అంచు నుంచి ఇంకో గడి అంచు దాకా చూశాను. పెద్దగా తేడా లేదు. మూడో గడి కూడా అంతే. నది ఒడ్డు నుంచి ఎటు వెళ్లినా నేల పళ్లెంలా ఉంది. కాలేజీలో చదివినప్పుడు ఇంత చదునైన నేల పుస్తకాల్లో బొమ్మకే తప్ప ఉండదనుకున్నాను.

ఎవరు చదును చేశారు? గాలికి ఇంత ఓపిక ఉండదు.

బావి తవ్విన మట్టి కుప్పలో చిన్న గవ్వ లాంటిది దొరికింది. సముద్రం ఇక్కడికి నెలల ప్రయాణం. జేబులో వేసుకున్నాను.

ఫిబ్రవరి 16

బుల్లబ్బాయి వచ్చాడు. తాయారుకి వరసకి తమ్ముడు. పేరు బుల్లబ్బాయి గానీ మనిషి తలుపులో పట్టడు. నా పక్కన, ఉత్తరం వైపు గడి అతనిది. ఊరి పశువులన్నీ అతని చేతిలోనే ఉంటాయి.

"ఏం బావా, నేలకి జొరం చూత్తన్నావా?" అన్నాడు, యంత్రం చూసి.

"ఎత్తు చూస్తున్నాను."

"ఉంటే కదా!"

టీ తాగాడు. చల్లగది వైపు ఒకసారి చూశాడు. వెళ్లే ముందు, "పల్లాలమ్మ పెద్దమ్మ చెప్పింది. ఈయేడు మంచు ఎక్కువట, వరద రావొచ్చట. ఇత్తనాలు, గడ్డి, పశువులు అన్నీ మా ఉత్తరం కొట్టంలోకి చేరుత్తన్నాం" అన్నాడు.

సరే అన్నాను. లంకల్లో అందరం చేసేది అదే. వరద ఎగువ నుంచి వస్తుంది. ఎగువన ఉన్నది ముందు మునుగుతుంది. దిగువన ఉన్నవాడికి కబురందుతుంది, టైముంటుంది. ఇక్కడ ఎగువ దక్షిణం, దిగువ ఉత్తరం. కాబట్టి సామాను ఉత్తరానికి. నాకూ తప్పేమీ కనిపించలేదు.

ఫిబ్రవరి 28

నది వంపు దగ్గర మా గళ్లలోకి రాని పొలం ఒకటుంది. అందులో బెర్నడెట్ అనే ఆవిడ ఒక్కతే ఉంటుంది. ఆవిడ వాళ్లు ఈ నది మీద మాకంటే ఎన్నో తరాల ముందు నుంచీ ఉన్నారు. నది ఎత్తు గురించి పాత సంగతులు అడగొచ్చని వెళ్లాను.

మాటలు మార్చే యంత్రం చెవిలో పెట్టుకున్నాను. దానికి తెలుగు నేర్పినవాళ్లు ఏ పంతులు గారి దగ్గర నేర్చుకున్నారో తెలియదు.

"విచ్చేయుడు. పాదరక్షలు ద్వారము చెంత విడువుడు. మీరు మిగుల కృశించినారు" అంది, ఆవిడ గొంతుతోనే.

ఆవిడ నవ్వుతూ అన్నది ఇదేనా అని అనుమానం వచ్చింది. రొట్టె పెట్టింది.

ఆవిడ పొలం విచిత్రంగా ఉంది. వెడల్పు చాలా తక్కువ. పొడవు కంటికి ఆనదు. నది ఒడ్డున మొదలై రిబ్బనులా పడమటికి పోతుంది. పూర్వం ఒడ్డు పొడవునా ఇలాంటి చీలికలే ఉండేవట. ప్రతి ఇంటికీ కొంచెం నీళ్లు, కొంచెం చెట్లు, కొంచెం గడ్డి. ఇళ్లన్నీ చీలికల కొసన ఒక వరసలో.

"ఇంటికీ ఇంటికీ ఎంత దూరం?" అని అడిగాను.

"నా పితామహి ఉప్పు అడుగుటకు శాలువా ధరించెడిది కాదు" అంది యంత్రం.



తర్వాత వరద గురించి అడిగాను. మా సామాను ఎక్కడ పెట్టామో చెప్పాను. ఆవిడ రొట్టె కోయడం ఆపింది.

"నది ఏ దిక్కునకు పారును?"

"ఉత్తరానికి."

"వసంతము ఏ దిక్కునుండి వచ్చును?"

"దక్షిణం నుంచి" అన్నాను. అంటుండగానే అర్థమైంది.

దక్షిణాన ముందు కరుగుతుంది. ఆ నీళ్లన్నీ ఇటు వస్తాయి. ఉత్తరాన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. నీటికి దారి ఉండదు. అడ్డుపడిన చోటు నుంచి వెనక్కి పెరుగుతుంది. వరద మా మీదికి ఎగువ నుంచి రాదు. దిగువ నుంచి వస్తుంది. సముద్రంలోకి తెరుచుకున్న గోదావరి మాకు ఇది నేర్పలేదు.

"మీ చతురస్రములు మిక్కిలి హాస్యాస్పదములు. అయినను మీరు బుద్ధిమంతులు" అంది. రెండోది యంత్రం కలిపిందేమో.

పడమట ఒక దిబ్బ ఉందని కూడా చెప్పింది. వాళ్ల బళ్లు వానల్లో దాని మీదే నడిచేవట. చదును నేలలో అది ఎలా వచ్చిందని అడిగితే తనకూ తెలియదంది. దేవుడు వేసిన రోడ్డని వాళ్ల నాన్న అనేవాడట.

మార్చి 6

దిబ్బ దొరికింది. నా గడి పడమటి అంచు దాటాక.

కళ్లకు తెలియదు, కాళ్లకు తెలుస్తుంది. లెవెల్ యంత్రంలో చూస్తే రెండు నిలువుల ఎత్తు. వెడల్పు తక్కువ. ఉత్తర దక్షిణాలుగా, నదికి దూరంగా, తాడు పరిచినట్టు సాగింది. గాలికి మంచు ఎగిరిపోయి గడ్డి బయటపడి ఉంది. గునపం వేశాను, దిగింది. ఇంత చలిలోనూ. లోపల బంకమట్టి లేదు. కంకర, ఇసుక. కంకర రాళ్లన్నీ గుండ్రంగా, నునుపుగా ఉన్నాయి. నీరు నిలవని నేల, కాబట్టి ఉబ్బదు. పైకి నెట్టదు.

చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. ఇంత నునుపు చేసేది ఒకటే. అల.

అప్పుడు కలిసింది అంతా. చదును నేల, మెత్తటి బంకమట్టి, బావిలో దొరికిన గవ్వ. ఇది దిబ్బ కాదు, ఒడ్డు. తూర్పున కనుచూపు మేర ఉన్నదంతా ఒకప్పటి సరస్సు అడుగు. మనుషులు పుట్టని రోజుల్లోనో, కొత్తగా పుట్టిన రోజుల్లోనో ఉండి ఉంటుంది. సరస్సు ఎటో పోయింది. మేం వచ్చి దాని అడుగున ఇళ్లు పెట్టుకున్నాం. ప్రతి వసంతంలోనూ నీళ్లు పాత చోటు వెతుక్కుంటూ వస్తాయన్నమాట.

ఈ సంగతి ముందు తాయారుకి చెప్పాలనిపించింది. బడిలో భూగోళం చెప్పేది. "రుజువేదీ?" అని అడిగేది.

దిబ్బ ఉత్తరపు కొసన ఆరడుగుల చోటుకి నాలుగు రాళ్లు పెట్టాను.

మార్చి 11

పల్లాలమ్మ గారింట్లో అందరం కలిశాం. నేల మీద సుద్దతో నది గీసి చూపించాను. బుల్లబ్బాయే అందుకున్నాడు.

"కిందనించి వచ్చే వరద నేనెరగను, మా తాతెరగడు. బావా, ఆ ముసలామె రొట్టెలో ఏం కలిపింది?"

నవ్వారు. పల్లాలమ్మ గారు నవ్వలేదు. గీత మీద వేలు పెట్టి దక్షిణం నుంచి ఉత్తరానికి మెల్లగా జరిపారు. సగంలో ఆపారు.

"ఇక్కడ తలుపేసుందంటావు."

"ఆయ్."

"తలుపు తీసేదాకా మనింట్లో నీళ్లు."

"ఆయ్."

"మరి ఎక్కడికెల్దాం?"

దిబ్బ గురించి చెప్పాను. నేల కరగకముందే కదలాలని కూడా చెప్పాను. మావి డబ్బా ఇళ్లు. కింద దూలాలు పెట్టి మంచు మీద యంత్రాలతో లాగొచ్చు. కరిగిందంటే ఈ బంకమట్టి యంత్రాన్ని కూడా వదలదు. ఇరవై ఏడు ఇళ్లూ వరసగా పడతాయి, దగ్గర దగ్గరగా. ప్రతి ఇంటికీ దిబ్బ మీద కొంచెం, కింద పొలం, నది ఒడ్డు వచ్చేట్టు చీలికలు గీయొచ్చు.

బుల్లబ్బాయి భార్య వీరవేణి అంది, "దిబ్బ కొసన రాళ్లున్నాయి. మా ఆయన చూశాడు. అదేటండి అన్నయ్యగారూ?"

చెప్పాల్సి వచ్చింది.

సుద్దగీత చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి జరిగారు. నేను అనుకోనిది కాదు, అనుకోకూడదనుకున్నది. లంకల్లో శ్మశానం ఊరికి దిగువన, ఊరికి దూరంగా. శవం ఉన్న నేల మీద పొయ్యి వెలిగించరు. అది ఎంత పాత పద్ధతో ఎవరికీ తెలియదు, ఎవరూ తప్పరు.

"తాయారు నా చేతుల్లో పెరిగిన పిల్ల" అన్నారు పల్లాలమ్మ గారు. "కానీ బాబూ, అది అక్కడుంటే వీళ్లెవరూ దిబ్బెక్కరు. ఎక్కకపోతే మునుగుతారు. నువ్వే అన్నావు."

నేనే అన్నాను.

తిరిగి వెళ్లేటప్పుడు రాళ్లు తీసేశాను.

మార్చి 24

మంచు పైపొర మధ్యాహ్నం తడిగా ఉంటోంది. మళ్లీ గడ్డకడుతోంది.

ఇళ్లు కదులుతున్నాయి. దూరం నుంచి చూస్తే పడవల్లా ఉన్నాయి. చీలికలు కొలిచి దిబ్బ మీది కొసల్లో గుంజలు పాతుతున్నాను. యంత్రాలకు చీలిక నేర్పడం కష్టంగా ఉంది. కొంత దూరం తిన్నగా వెళ్లి, ఆగి, మలుపు అడుగుతాయి. మలుపు లేదని చెబితే మళ్లీ అడుగుతాయి. మనుషులం కూడా అంతే. వరసలో మొదట చేరిన నాలుగిళ్లవాళ్లు తలుపు తీసి పక్కింటి తలుపు చూసి సిగ్గుపడుతున్నారు. రెండేళ్ల నుంచి ఒకరి గొంతు ఒకరు ఫోనులోనే విన్నారు. ఇప్పుడు పోపు ఘాటుకి పక్కింట్లో తుమ్ముతున్నారు.

చీట్లు వేస్తే నాకు వరస మధ్యలో వచ్చింది. ఉత్తరపు కొస బుల్లబ్బాయికి. వీరవేణి పిల్లలతో వచ్చేసింది. బుల్లబ్బాయి రాలేదు. పశువులతో ఉత్తరం కొట్టంలోనే ఉన్నాడు.

నా ఇల్లు కూడా లాగారు. చల్లగది మంచుదిమ్మలది, లాగడానికి వీల్లేదు. పాత గడిలోనే ఉంది. రోజూ వెళ్లి వస్తున్నాను. వేరే కంకర నేల కోసం ఎనిమిది చోట్ల గునపం వేశాను. అన్నిచోట్లా బంకమట్టే.

ఏప్రిల్ 8

నది పగిలింది. ఒడ్డున నిలబడితే కాళ్ల కింద చప్పుడు తెలిసింది. మంచు పలకలు, ఒక్కొక్కటి గది అంత, ఉత్తరానికి కదిలిపోయాయి. నీరు కాస్త తగ్గింది కూడా. దిబ్బ మీద జనం చప్పట్లు కొట్టారు. బుల్లబ్బాయి ఫోనులో పిలిచాడు.

"బావా, నీ తలుపు తీసేసినట్టుంది. ఇల్లు మళ్లీ కిందకి లాక్కోండి!"

నాది తప్పని తేలితే బాగుండునని అనిపించింది.

ఏప్రిల్ 10

ప్రవాహం నిలిచిపోయింది. అద్దంలా ఉంది. ఒక కర్రముక్క వేశాను. ఉన్నచోటే ఉంది.

కొంతసేపటికి కదిలింది. దక్షిణానికి.

మొన్న వెళ్లిన మంచు పలకలు తిరిగి వస్తున్నాయి. నది వెనక్కి నడుస్తోంది. ఇలాంటిది చూస్తానని అనుకోలేదు. భయం తర్వాత వేసింది.

ఏప్రిల్ 12

నిన్న రాయలేదు.

ఉత్తరం గళ్లు ముందు మునిగాయి. నీరు అలగా రాలేదు. చాప పరిచినట్టు వచ్చింది. మాకు పడవలు లేవు. పశువుల దాణా తొట్లు రెండు పక్కపక్కన పెట్టి, పైన పలకలు కట్టి పంటు చేశాం. గోదావరి దాటించే పంటు కట్టడం మావాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. విత్తనాలు దక్కాయి. పశువుల్లో రెండు పోయాయి. బుల్లబ్బాయి నడుములోతు నీళ్లలో ఒక్కో తోకా పట్టుకుని తోలాడు.

అవతల, నా పాత గడిలో చల్లగది చుట్టూ నీళ్లు చేరడం కనిపించింది. మంచుదిమ్మలు ఆగవు. పంటు తీసుకుని బయల్దేరాను. బుల్లబ్బాయి తడిబట్టలతోనే పంటు మీదికి దూకి గెడకర్ర అందుకున్నాడు. నేను రమ్మనలేదు.

చాలాసేపు గెడ వేశాక అడిగాడు. "బావా, నీళ్లు ఎటు పోతన్నాయి?"

"దక్షిణానికి."

"నది ఎనక్కి నడుత్తాందా?"

"మంచు కరిగేదాకా."

"అక్క ఉంటే పడీపడీ నవ్వేది."

"నిన్ను చూసి."

"నన్ను చూసే."

మేం చేరేసరికి ఒక గోడ కూలింది. పెట్టె ఇద్దరం ఎత్తాం. అతను తలవైపు పట్టుకున్నాడు. పంటు మధ్యలో పెట్టి తాడు వేశాం.

ఎటు వెళ్లాలని అతను అడగలేదు. పొడి నేల ఒక్కటే ఉంది.

ఏప్రిల్ 13

పంటు దిబ్బ కింద కట్టి ఉంది. పెట్టె దాని మీదే. ఎండ కాస్తోంది. ఎక్కువసేపు ఉంచలేం.

జనం పైన గుమిగూడారు. నేను నీళ్లలోనే నిలబడ్డాను. రాళ్లు తీసేసినవాణ్ని, పైకెక్కించమని అడగలేదు.

వీరవేణి అంది, "పాపం ఆవిడేం చేసిందండి. కానీ పిల్లలున్నారు. శ్మశానం దిగువన, దూరంగా ఉండాలి కదా పెద్దమ్మా."

పల్లాలమ్మ గారు నీళ్ల దాకా దిగివచ్చారు. మంచు పలక ఒకటి దక్షిణానికి పోతుంటే చూశారు.

"దిగువెటే?" అన్నారు.

వీరవేణి ఉత్తరం చూపించబోయింది. చెయ్యి సగంలో ఆగింది. దక్షిణం వైపు తిప్పింది. దించేసింది.

"నదికే తెలీట్లేదు, మనకేం తెలుత్తాది" అన్నారు ఆవిడ. "లంకలో దిగువ ఉండేది, దిగువన పెట్టాం. ఇక్కడ వరసుంది. వరసకి కొసుంది. ప్రకాశంబాబూ, కొసన ఇంకో చీలిక కొలు."

"ఎంత వెడల్పు?"

"అందరికీ ఎంతో అంతే. పోయినోళ్లు మాత్రం మనూరోళ్లు కాదా?"

"కొసిల్లు మాది" అంది వీరవేణి.

బుల్లబ్బాయి అన్నాడు, "మా అక్క పక్కనుంటే నీకేటే? ఇంతకుముందూ పక్కిల్లే. మైలు దూరం. ఆ తుపానులో ఆ మైలే..."

వీరవేణి అతని వైపు చూడలేదు. కొంగు దోపుకుంది. "అయితే వంటింటి కిటికీ అటు పెట్టొద్దు" అంది. పంటు తాడు విప్పడానికి నీళ్లలోకి దిగింది.

ఏప్రిల్ 14

నీరు నిన్నటి కంటే జానెడు ఎక్కువ. ఇంకా పెరుగుతోంది. దిబ్బకి ప్రమాదం లేదు.

చీలిక కొలిచాను. దిబ్బ మీద మొదలై, గడ్డి నేల మీదుగా, ఇప్పుడు నీళ్ల కింద ఉన్న పొలం దాటి, నది దాకా. గుంజలు నీళ్లలో పాతడం కుదరలేదు, తర్వాత పాతుతాను. దిబ్బ మీది కొసన తవ్వాం. నిలువులోతు తవ్వినా కంకరే. పొడిగా ఉంది. బుల్లబ్బాయి, నేను దించాం.

ఆడవాళ్లు కూడా వచ్చారు. రావొద్దనడానికి దూరం లేదు. పొయ్యిల మీద అన్నం ఉడుకుతూనే ఉంది. బెర్నడెట్ తన చిన్న మోటారు పడవలో వచ్చి కొంచెం దూరంలో నిలబడింది. చెవి యంత్రం ఇంట్లోనే వదిలేశాను.

కంకర వేశాం. అందరూ తలా దోసెడు.

ఆ తర్వాత వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోవాలి. అది మా పద్ధతి. అందరం వరస వెంట నడిచాం, తలలు దించుకుని. వీరవేణి గుమ్మం ముందు ఆగింది. తక్కినవాళ్లు ఒక్కొక్కరే తమ తమ గుమ్మాల్లో ఆగారు. ఇక్కడ చెట్టు లేదు, మలుపు లేదు, గట్టు లేదు. నా గుమ్మంలోంచి కొస దాకా కనిపిస్తుంది. ఎటు నిలబడినా కనిపిస్తుంది. చూడకుండా ఉండాలంటే కళ్లు మూసుకోవాలి.

ముందు పల్లాలమ్మ గారు తలెత్తి చూశారు.

తర్వాత నేను చూశాను.